సాండర్ మిషను చేతపట్టే ముందు



వార్షికోత్సవ సంచిక అనగానే కవితలు, గురువులకు కృతజ్ఞతలు, పోటీ పరీక్షలకు సూచనలు ఎలాగూ ఉంటాయి. నేను మాత్రం ఒక మిషను గురించి రాస్తున్నాను. పదో తరగతి అయిపోయాక మనలో కొందరు ఇంటర్‌కు, కొందరు పాలిటెక్నిక్‌కు పోతారు. కొందరు ఐటీఐలో చేరతారు. ఇంటి పరిస్థితి బాగాలేక బెంగుళూరు బస్సు ఎక్కి ఇంటీరియర్ పనుల్లో చేరేవాళ్లు కూడా ఉన్నారు. అలా చేరిన కుర్రవాడి చేతికి మేస్త్రి మొదటిరోజే ఉలి ఇవ్వడు, రంపం ఇవ్వడు. ఉప్పుకాగితమో, సాండర్ మిషనో ఇచ్చి "ఇదేమంత పని, రుద్దుతా ఉండు" అంటాడు. సులువైన పని అనే పేరు పడింది కాబట్టి దాన్ని కూర్చోబెట్టి నేర్పేవాళ్లు దొరకరు. బుక్కరాయసముద్రంలో చదివే తమ్ముళ్లకు ఆ నాలుగు ముక్కలు ముందే తెలిస్తే మంచిదని ఈ వ్యాసం.

వడ్రంగం షాపులో ఉండే కరెంటు మిషన్లన్నింటిలో సాండర్ చాలా సాధువు. రంపం మిషనులాగా వేళ్లు తీయదు. దాని ప్రమాదం వేరే చోట ఉంది. అది పుట్టించే దుమ్ములో ఉంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పని నున్నగా రావడానికి చేయవలసినవి, ఊపిరితిత్తులు బాగుండటానికి చేయవలసినవి చాలావరకు ఒకటే. బలంగా అదమకుండా ఉండటం, అరిగిన కాగితాన్ని పారేయడం, దుమ్మును ఎప్పటికప్పుడు లాగేయడం. ఈ మూడూ చేసేవాడి బల్ల మెరుస్తుంది, వాడికి దగ్గు కూడా తక్కువ వస్తుంది.

ముందుగా నున్న చేయడం అంటే ఏమిటో చూద్దాం. చెక్క మీది గీతలు పోగొట్టడం అనుకుంటాం. నిజానికి పెద్ద గీతల స్థానంలో చిన్న గీతలు పెడతాం, వాటి స్థానంలో ఇంకా చిన్నవి పెడతాం. చివరికి అవి కంటికి కనిపించనంత, వేలికి తగలనంత సన్నవవుతాయి. మిషన్లు రాకముందు కూడా మనవాళ్లు ఇదే చేశారు. బరింక చెట్టు ఆకు గరుకుగా ఉంటుంది, దానితో చెక్కను రుద్దేవారు. ఏటికొప్పాక లక్క బొమ్మలకు మెరుగు పెట్టడానికి మొగలి ఆకు వాడతారు. ఇప్పుడు కాగితం మీద అంటించేది ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్ పలుకులు. నల్లటి వాటర్ పేపర్ మీద ఉండేది సిలికాన్ కార్బైడ్. దీన్ని 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ ఎచిసన్ విద్యుత్ కొలిమిలో తయారుచేసి కార్బోరండం అని పేరు పెట్టాడు. మద్రాసులో 1954లో మొదలైన కార్బోరండం యూనివర్సల్ కంపెనీ పేరులో ఉన్నది కూడా ఆ మాటే.

కాగితం వెనక ఒక నంబరు ఉంటుంది. నంబరు చిన్నదైతే పలుకు పెద్దది, పెద్దదైతే పలుకు సన్నది. 60 గరుకు, 120 నడిమిది, 220 మెత్తన. ఇది తిరగబడి ఉన్నట్టు అనిపించి కొత్తవాళ్లు తికమక పడతారు. జల్లెడ గుర్తుంచుకుంటే చాలు. అంగుళానికి కన్నాలు ఎక్కువ ఉన్న జల్లెడ నుంచి సన్న పిండే దిగుతుంది కదా!

ఇక మిషన్లు. చేతిలో పట్టుకునే సాండర్లు మన షాపుల్లో ప్రధానంగా మూడు రకాలు కనిపిస్తాయి. నలుచదరంగా ఉండి మామూలు ఉప్పుకాగితాన్ని ముక్క కోసి క్లిప్పులతో బిగించుకునేది ఒకటి. అడుగున అయిదంగుళాల గుండ్రటి మెత్త ఉండి, చెప్పుల పట్టీకి ఉన్నట్టు అంటుకునే బిళ్లలు వేసేది రెండోది. దీన్ని రాండమ్ ఆర్బిట్ సాండర్ అంటారు. ట్రాక్టరు బెల్టులాగా కాగితం పట్టీ గిరగిరా తిరిగేది మూడోది, బెల్ట్ సాండర్. బెల్టుది చేయి తిరిగినవాళ్ల పని. అది క్షణంలో చెక్కను గుంత చేస్తుంది, పట్టు తప్పితే బల్ల మీద నుంచి పరుగెత్తుతుంది. కొందరు గ్రైండరుకే గరుకు బిళ్ల తగిలించి చెక్క మీద ఆడిస్తారు. అది తొందర పనికి వస్తుందేమో గానీ నేర్చుకునేవాడు దాని జోలికి పోవద్దని నా అభిప్రాయం. మన హాస్టల్ బల్లలకు, తలుపులకు గుండ్రటి సాండరే సరిపోతుంది.

ఈ గుండ్రటిదాని పనితనం కొంచెం విచిత్రం. అడుగు మెత్త రెండు రకాలుగా కదులుతుంది. ఒకటి, రెండు మూడు మిల్లీమీటర్ల చిన్న సున్నాలు చుట్టడం. ఇది నిమిషానికి పదివేల సార్లకు పైగా జరుగుతుంది. రెండోది, దానంతట అది మెల్లగా గుండ్రంగా తిరగడం. ఈ రెండూ కలిసినందువల్ల ఏ పలుకూ నడిచిన దారినే మళ్లీ నడవదు. అందుకే చెక్క నార ఎటు ఉన్నా దీనితో రుద్దవచ్చు. కానీ మనం బలంగా అదిమితే రెండో తిరుగుడు ఆగిపోతుంది. అప్పుడు ఒకే చోట సున్నాలు చుట్టి, పందితోక మెలికల్లాంటి గీతలు వేస్తుంది. పాలిష్ కొట్టేదాకా అవి కనపడవు. పాలిష్ ఆరగానే బల్లంతా మెలికలే! ఎంత అదమాలో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. మెత్త అంచున స్కెచ్ పెన్నుతో ఒక గీత పెట్టండి. మిషను నడుస్తున్నప్పుడు ఆ గీత నెమ్మదిగా తిరుగుతూ కనిపించాలి. ఆగిపోయిందంటే మీ చేయి బరువు ఎక్కువైంది. మిషను బరువు, దాని మీద ఊరికే ఆనించిన అరచేయి, అంతే చాలు.

స్విచ్ వేసేముందు కరెంటు సంగతి చూసుకోవాలి. మంచి కంపెనీ సాండర్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది. లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని, ఎర్త్ వైరు అవసరం లేదని దాని అర్థం. కాబట్టి దానికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటే కంగారు పడవద్దు. కానీ వైరు తొక్క ఎక్కడైనా చిట్లి ఉంటే ఆ రెండు పొరలు మనల్ని కాపాడవు. ప్లగ్గు ఊడిపోయిందని వైరు కొసలను సాకెట్‌లో అగ్గిపుల్లలతో దూర్చే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. అలాంటి చోట మిషను ముట్టుకోకండి, మేస్త్రి కోప్పడినా సరే. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే మరీ మంచిది. వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకుంటే అది కాగితం కిందికి రాదు. కాగితం మార్చేటప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గే పీకాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా రెండు మాటలు. వోల్టేజి పడిపోయి బల్బు మసకబారినప్పుడు మిషను నెమ్మదిస్తుంది. దానితో లోపలి ఫ్యాను కూడా నెమ్మదించి మోటారు వేడెక్కుతుంది. ఆ సమయంలో ఇంకా అదిమి పని చేయిస్తే వైండింగ్ కాలిపోతుంది. కరెంటు పూర్తిగా పోయినప్పుడు ఇంకో చిక్కు. స్విచ్ నొక్కి లాక్ చేసి ఉంచిన మిషనును అలాగే బల్ల మీద పెట్టి మంచినీళ్లకు పోతారు. కరెంటు రాగానే అది దానంతట అదే లేచి కింద పడుతుంది, లేదా పక్కనున్నవాడి కాలి మీదికి వస్తుంది. కరెంటు పోయిన క్షణమే స్విచ్ ఆపడం అలవాటు చేసుకోవాలి.

లుంగీ, మెడలో టవలు, చేతికి వేలాడే దారాలు, గుండీలు పెట్టని చొక్కా చేతులు పనికిరావు. కళ్లద్దాలు ఉండాలి. రోజంతా పని చేసేవాళ్లయితే చెవులకు ప్లగ్గులు పెట్టుకోవాలి, దూది అంతగా ఆపదు. మిషనును పిడికిలి బిగించి పట్టుకుంటే దాని అదురు మోచేతి దాకా ఎక్కుతుంది. ఏళ్ల తరబడి ఇలా చేసినవాళ్లకు వేళ్లు తిమ్మిరెక్కి, చలిలో తెల్లబడే జబ్బు వస్తుంది. వదులుగా పట్టుకుని, అరగంటకొకసారి చేతులు విదిలించండి.

ఇప్పుడు మన స్టడీ హాలు బల్లనే తీసుకుందాం. వేప చెక్క బల్ల అనుకోండి. వేపలో నార అటొక వరస ఇటొక వరస అల్లుకుని ఉంటుంది. చిత్రిక పడితే ఒకవైపు నున్నగా వచ్చి, ఇంకోవైపు పెచ్చులు లేస్తుంది. సాండర్ అలా పెచ్చులు లేపదు, అందుకే వేపకు ఇది బాగా నప్పుతుంది. ముందు మేకుల తలలు చూడాలి. పైకి తేలిన ఒక్క మేకు చాలు, కొత్త బిళ్లను చించేస్తుంది, కింది మెత్తను కూడా పాడు చేస్తుంది. పంచ్ పెట్టి సుత్తితో లోపలికి దిగగొట్టండి. బల్ల కింద అంటించిన చూయింగ్ గమ్ము, ఒలికిన కొవ్వొత్తి మైనం ముందుగా రేకుతో గీకేయాలి. వాటి మీద సాండర్ పెడితే కాగితం ఒక్క నిమిషంలో మూసుకుపోతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అది కూడా కాగితాన్ని తొందరగా మూసేస్తుంది.

ఇక కంపాస్ మొనతో చెక్కిన పేర్లు! ప్రతి బల్ల మీద రెండు మూడు బ్యాచుల పేర్లు, ఇంటి పేరు మొదటి అక్షరాలు, వాటి పక్కన బాణం గుర్తులు ఉంటాయి. లోతుగా దిగిన అక్షరాన్ని సాండర్‌తో చెరిపేయాలని ఒకేచోట తిప్పితే అక్కడ పళ్లెంలాంటి గుంత పడుతుంది. అక్షరం మాత్రం మిగిలే ఉంటుంది. దాన్ని లప్పంతో నింపి, ఆరనిచ్చి, ఆ తర్వాత బల్లంతా ఒకే తీరుగా రుద్దాలి. (పాత విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు వెదుక్కునేది ఆ పేర్లనే. ఒక్క బల్లను వదిలేస్తే నష్టం లేదని వార్డెన్ సారుకు నా మనవి.)

బల్లను కదలకుండా బిగించండి, లేదా బరువు పెట్టండి. పెన్సిల్‌తో బల్ల మీద అడ్డదిడ్డంగా సన్న గీతలు గీయండి. 80 నంబరు బిళ్ల వేసి, దాని కన్నాలు మెత్త కన్నాలతో కలిసేలా అంటించండి. దుమ్ము లోపలికి పోయే దారి ఆ కన్నాలే, అవి కలవకపోతే సంచి ఉన్నా లేనట్టే. గుండ్రటి సాండర్‌ను చెక్క మీద సమంగా ఆనించి తర్వాత స్విచ్ వేయాలి. గాలిలో తిప్పి వాల్చితే అంచు ముందు తగిలి నెలవంక గీత పడుతుంది. తీసేటప్పుడు మాత్రం తిరుగుతుండగానే నిటారుగా పైకెత్తి తర్వాత ఆపాలి. బెల్ట్ సాండర్‌కు పద్ధతి వేరు, అది పైన ఉన్నప్పుడే మొదలుపెట్టి నడుస్తుండగా దించాలి.

నడిపే వేగం సెకనుకు ఒక అంగుళం. ఇది చూసేవాళ్లకు నత్తనడకలాగా ఉంటుంది. మనవాళ్లు ఇస్త్రీ చేసినట్టు అటూ ఇటూ లాగుతారు. అలా లాగినప్పుడు గీతలు పడతాయి, పని మాత్రం ముందుకు సాగదు. ఒక వరసలో సగం మీద ఇంకో వరస పడేలా పోవాలి. పెన్సిల్ గీతలన్నీ పోయాయంటే 80 పని అయిపోయినట్టు. పొడిని బ్రష్షుతో, గుడ్డతో పూర్తిగా తుడిచి మళ్లీ గీతలు గీసి 120, ఆ తర్వాత 180. తుడవకపోతే 80 నుంచి రాలిన ఒక గరుకు పలుకు 120 కింద ఇరుక్కుని గీతల మీద గీతలు పెడుతుంది. 80 నుంచి నేరుగా 220కి దూకినవాడు సమయం మిగిలిందనుకుంటాడు. ఆ లోతు గీతలను 220 తీయలేదు, వాటికి మెరుపు మాత్రమే పెడుతుంది. పెయింటు వేసే బల్లకు 180 దగ్గర ఆపేయవచ్చు. అంతకన్నా నున్న చేస్తే పెయింటుకు పట్టు తగ్గుతుంది. చివరిసారి రుద్దేముందు తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే నూగు లేస్తుంది. దాన్ని 180తో తేలిగ్గా తీసేస్తే తర్వాత పాలిష్ కింద మళ్లీ లేవదు.

అంచుల దగ్గర సగం మెత్త బయటికి వెళ్లకూడదు. బయటికి వెళ్తే మిషను వాలి అంచు గుండ్రమవుతుంది. ప్లైవుడ్ అయితే మరీ జాగ్రత్త, పైన అలంకారానికి అంటించిన పొర అర మిల్లీమీటరు కూడా ఉండదు. అది తెగి కింది పొర కనిపించిందంటే ఆ పలక మార్చవలసిందే. దాని విలువ మొదటి నెల జీతంలో కోసేస్తారు. ప్లైవుడ్‌కు 180తో చేతిరుద్దుడు చాలు. పని అయ్యాక ట్యూబులైటు ఆర్పి, టార్చిని బల్లకు పక్కగా, కింది నుంచి వేసి చూడండి. పట్టపగలు కనపడని గీతలన్నీ నీడలు వేసుకుని కనిపిస్తాయి.

అరిగిన కాగితం గురించి ఒక మాట. ఒక బిళ్ల ఖరీదు చూసి దాన్ని మొండి అయ్యేదాకా వాడతారు. మొండి కాగితం కోయదు, చెక్కను వేడి చేస్తుంది. పని జరగడం లేదని మనం అదుముతాం, మెలికలు పడతాయి, మోటారు వేడెక్కుతుంది. పొడి మాత్రం ఇంకా సన్నగా, ఇంకా ఎక్కువసేపు వస్తుంది.

ఆ పొడి సంగతికి వద్దాం. రంపం పొట్టు కింద పడిపోతుంది. సాండర్ పొడిలో కంటికి కనిపించనంత సన్నది చాలా ఉంటుంది. వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని ఆ కణాలు గంటల తరబడి గాలిలోనే తేలుతూ ఉంటాయి. మిషను ఆపి, మాస్కు తీసి, "అబ్బ, అయిపోయింది" అని మనం గాలి పీల్చేది వాటి మధ్యనే.

ఇంగ్లండులో హై వికమ్ అనే ఊరు కుర్చీల తయారీకి పేరు పొందింది. 1960లలో ఆ ప్రాంతంలో పనిచేసిన చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఎస్మె హాడ్‌ఫీల్డ్ ఒక విషయం గమనించారు. చాలా అరుదుగా వచ్చే ముక్కు లోపలి క్యాన్సరు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువగా కనపడింది. వాళ్లలో చాలామంది చెక్క సామాన్ల కార్మికులే. ఆమె, మరికొందరు వైద్యులు కలిసి చేసిన అధ్యయనం 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి గ్రూపులో చేర్చింది. ఇది ఒక్క రోజులో, ఒక్క బల్లతో వచ్చేది కాదు. ఏళ్ల తరబడి రోజూ పీల్చేవాళ్లకు వచ్చే ముప్పు. ఉబ్బసం, చర్మం దురద, విడవని జలుబు మాత్రం అంతకు చాలా ముందే వస్తాయి. గోడల లప్పం, సిమెంటు, గ్రానైటు రుద్దేవాళ్లకు సిలికా దుమ్ము అదనం. దాన్ని అదే సంస్థ 1997లో అదే గ్రూపులో పెట్టింది. మన ఊరి మీదుగా పోయే రోడ్డే తాడిపత్రికి పోతుంది. అక్కడ బండలు పాలిష్ పట్టేటప్పుడు నీళ్లు పారిస్తూ ఉండటం చూసే ఉంటారు. ఆ నీళ్లు రాయిని చల్లబరుస్తాయి, దుమ్మును కూడా అణుస్తాయి. చేతి సాండర్‌కు మాత్రం ఆ ఉపాయం కుదరదు. కరెంటు మిషను, తడి కలిస్తే ప్రాణానికే ముప్పు.

అందుకని మనకు మిగిలేవి మూడు. మిషనుకే దుమ్ము సంచి తగిలించడం, వీలుంటే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం కలపడం మొదటిది. సంచి సగం నిండగానే దులపాలి, నిండిన సంచి లాగదు. రెండోది ఆరుబయట పని. ఆషాఢంలో మన దగ్గర పడమటి గాలి ఎంత జోరుగా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఆ గాలి మన పక్క నుంచి పోయేలా నిలబడాలి. ఎదురుగా నిలబడితే దుమ్ము ముఖానికి కొడుతుంది. గాలికి వీపు పెట్టినా మన ఒంటి ముందు సుడి తిరిగి దుమ్ము పైకే లేస్తుంది. పడక గదుల కిటికీలు, వంటగది గాలివాలుకు ఉండకూడదు. మూడోది మాస్కు. 2020లో కరోనా వచ్చాక ఎన్95 మాస్కు పేరు తెలియనివాళ్లు లేరు. చెక్క దుమ్ముకు కావలసింది అదే. రెండు పట్టీలూ తల వెనక్కి వేసి, ముక్కు మీది రేకు నొక్కి, పక్కల నుంచి గాలి రాకుండా చూసుకోవాలి. చేతి రుమాలు, తడి టవలు సన్న పొడిని ఆపలేవు. వేప పొడి గొంతులోకి పోతే చేదు తగులుతుంది. మాస్కు వేసుకున్నాక కూడా చేదు తెలుస్తుంటే అది సరిగా కుదరలేదన్నమాట.

పాత రంగు ఉన్న చెక్క సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఇది హాస్టళ్లకు బాగా వర్తిస్తుంది. మన దేశంలో ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నియమాలు వచ్చాయి. అవి 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో, సీసం చాలా ఉండే అవకాశం ఉంది. అలాంటి తలుపు మీద, కిటికీ మీద సాండర్ పెడితే సీసం పొడి గదంతా పరుచుకుంటుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఉంటే పరవాలేదు అనే మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యాభై అరవై మంది పిల్లలు చాపలు పరుచుకుని పడుకునే హాలులో ఆ పని చేయకూడదు. పాత రంగు గట్టిగా ఉంటే సబ్బునీళ్లతో కడిగి, వాటర్ పేపర్ తడిపి చేత్తో తేలిగ్గా రుద్ది, పైన కొత్త రంగు వేస్తే చాలు. పెచ్చులు లేస్తుంటే తడిపి గీకి, ఆ బురదను పాత గుడ్డతో ఎత్తి గుడ్డతో సహా పారేయాలి. మంటతో కాల్చి తీయడం ఇంకా చెడ్డది. సిమెంటు రేకుల మీద కూడా సాండర్ పెట్టవద్దు, వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది.

ఇనుప మంచాల తుప్పు తీయడానికి సాండర్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇనుము మీద నిప్పురవ్వలు లేస్తాయి. సంచిలో అంతకు ముందు చేసిన చెక్క పొడి ఉంటే అది లోలోపల రాజుకుని గంట తర్వాత మంట అవుతుంది. ఇనుము పనికి ముందు సంచి ఖాళీ చేసి, తీసి పక్కన పెట్టండి. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి తీగ మీద ఆరవేయాలి.

పని అయ్యాక పొడిని పొరకతో ఊడ్చకండి, కింద పడినదంతా మళ్లీ పైకి లేస్తుంది. వాకిట్లో కళ్లాపి చల్లినట్టు నీళ్లు చిలకరించి, తర్వాత ఎత్తండి. బట్టలు బయటే దులిపి, స్నానం చేసి లోపలికి రండి. హాస్టల్లో ఉన్న తమ్ముళ్లు తెలిసిన పెద్దవాళ్లు పక్కన లేకుండా మిషను ఆన్ చేయవద్దు. మిషను గాలి కన్నాల్లో చేరిన పొడిని ప్లగ్గు తీసి మెత్తటి బ్రష్షుతో తుడవాలి. కన్నాల్లో నీలిరంగు మెరుపులు ఎక్కువగా కనిపించినా, మిషను ఆగి ఆగి తిరిగినా కార్బన్ బ్రష్షులు అరిగాయేమో చూడాలి. అవి తక్కువ ఖరీదే, ఎప్పుడూ రెండూ కలిపి మార్చాలి. బిళ్లను తీసేసి మిషనును పక్కకు పడుకోబెట్టి దాచండి. మెత్త మీద నిలబెట్టి నెలల తరబడి ఉంచితే అది అణిగిపోయి, తర్వాత వేసే ప్రతి బిళ్లా వంకరగా తిరుగుతుంది.